తువ్వాలు కింద బేరం

నరసరావుపేట మల్లమ్మ సెంటర్ దగ్గర కుల్సుం మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్ ముక్క కొంటే కాగితంలో చుట్టి ఇస్తారు. ఆ కాగితం పక్కనున్న జిరాక్స్ కొట్టు నుంచి వస్తుంది. వంకరగా పడినవీ, సిరా పులుముకున్నవీ వాళ్ళు కట్టలు కట్టి తూకానికి అమ్ముతారు. కాలేజీ నోట్సులూ కోర్టు కాగితాలూ లైనింగు గుడ్డల చుట్టూ చుట్టుకుని ఊరంతా తిరుగుతుంటాయి. కుల్సుం వాటిని చదవదు. పరాయివాళ్ళ కాగితం చదవడమంటే పరాయి కంచంలో చెయ్యి పెట్టడమేనని ఆమె లెక్క.

ఆ మంగళవారం మాత్రం చదివింది. చుట్టబోయిన కాగితం మీద ఒక బొమ్మ ఉంది. మోచేతి దాకా ఇనుప చెయ్యి, దాని చుట్టూ నీళ్ళలో రాయి వేస్తే లేచినట్టు వలయాలు. ఆ చెయ్యిని కుల్సుం ఎరుగును. మున్నీ గొంతు పిసికింది ఆ చెయ్యే.

మున్నీ ఎవరో తెలియాలంటే ముందు ఆదివారాల సంగతి చెప్పుకోవాలి.

ఆనంద్ బాబు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. చదువుకునే రోజుల్లో హైదరాబాదు ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు ఆట పుస్తకం కొన్నాడు. ఆ ఆటకి బల్ల మీద పరిచే గళ్ళూ లేవు, పావులూ లేవు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక మనిషిని కాగితం మీద రాసుకుని ఆ మనిషిగా మాట్లాడతారు. ఏదైనా తెగించి చేసినప్పుడు అది ఫలించిందో లేదో పాచికలు చెబుతాయి. ఐదో ఆరో పడితే ఫలించినట్టు. కథ జరిగేది రాబోయే కాలపు మహానగరంలో. అక్కడ జనానికి యంత్రపు చేతులూ యంత్రపు కళ్ళూ ఉంటాయి. తలుపు, లిఫ్టు, తుపాకీ, అన్నీ తీగ లేకుండా గాల్లోనే మాట్లాడుకుంటాయి. ఆ మాటల దారి కాచి పరాయి యంత్రాన్ని తన మాట వినేలా చేసుకునే దొంగలూ ఉంటారు.

పుస్తకం అచ్చయి ఇరవై ఏళ్ళు. "అప్పుడు కల్పన సార్ ఇది. ఇప్పుడు మా ఇంట్లో వాషింగ్ మెషీను గూడా వైఫై పాస్‌వర్డ్ అడుగుతంది," అంటాడు ఇలియాస్. ఇలియాస్ కుల్సుం తమ్ముడు. కార్లకీ ట్రాక్టర్లకీ వైరింగు పని చేస్తాడు. నాలుగో మనిషి నిర్మల, మిషన్ స్కూలు టీచరు. చర్చి అయ్యాక, ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, బరంపేటలో ఆమె ఇంటి భోజనాల బల్ల దగ్గర ఆట. ఆరేళ్ళుగా ఇదే వరస.

పుస్తకం ఆనంద్ బాబు ఒళ్ళోనే ఉండేది. ఒక్కో రూలూ తెలుగులో చెప్పేవాడు. ఆయన చెప్పిందే వీళ్ళకి రూలు. ఒకసారి నిర్మల చూస్తానని చెయ్యి చాపితే, "నడిపేవాడి పుస్తకం ఆడేవాళ్ళు చూడకూడదు టీచర్. పరీక్ష పేపరు పిల్లలకి ముందే ఇస్తారా?" అన్నాడు. అది న్యాయంగానే తోచింది అందరికీ.

కుల్సుం భర్త పోయిన మరుసటి ఏడు ఈ ఆటలో చేరింది. కొట్లో పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా వచ్చినవాళ్ళందరికీ నవ్వు ముఖం పెట్టాలి. ఇరవై రకాల ఆకుపచ్చ తీయించి ఏదీ కలవలేదని పోయేవాళ్ళకి కూడా నవ్వాలి. మున్నీ ఎవరికీ నవ్వనక్కర్లేదు. మున్నీ ఆ మహానగరంలో సరుకు దాటించే మనిషి. కుడిచెయ్యి ఇనుముది. ఎవరి మాటా పడదు. వారానికి మూడు గంటలు కుల్సుం ఆ చేతితో బతికేది.

కిందటి ఏడు, రంజాను నెలకి ముందు ఆదివారం, మున్నీ చచ్చిపోయింది.

ఆ నగరంలో పెద్ద దొర భూపతి. ఆనంద్ బాబు ఎంతో ముద్దుగా పెంచుకున్న విలన్. ఆరోజు భూపతి కారులో పోతూ రోడ్డు దాటుతున్న మున్నీని చూశాడు. ఆనంద్ బాబు అరచెయ్యి అడ్డం పెట్టుకుని పాచికలు వేసి, "ఆ చెయ్యి ఇప్పుడు నాది," అన్నాడు.

"అదెట్టా సార్? చెయ్యిని దాపులో పెట్టా గదా. గాల్లో దాని ఊసే లేకుండా చేశానని పోయిన వారమే రాయించా."

"దాపులో ఉన్నా సిగ్నలు ఉంటుందమ్మా. సిగ్నలుంటే దొరుకుతుంది. రూలు అంతే."

మున్నీ చెయ్యే మున్నీ గొంతు పట్టుకుంది. ఆ బల్ల దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. చచ్చిన మనిషి కాగితాన్ని ఆ మనిషి ఎవరిదో వాళ్ళ కళ్ళముందే నడిపేవాడు చించాలి. ఆనంద్ బాబు ఐదేళ్ళ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బిస్కెట్ల పళ్ళెంలో పడేశాడు. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. టీ తాగుతూ, "నాయకురాలు నాగమ్మ కోడినైనా గెలిపించుకుంది. నువ్వు నీ చెయ్యి కూడా కాపాడుకోలేకపోయావు కుల్సుం. ఇది మ్యాచింగు గుడ్డల యవ్వారం కాదు, బుర్ర ఉండాలి," అన్నాడు.

అందరూ నవ్వారు. కుల్సుం కూడా నవ్వింది. కొట్లో అలవాటైన నవ్వే.

ఇప్పుడు చేతిలో ఉన్న కాగితం ఆ పుస్తకంలోదే. ఆనంద్ బాబు ఏదో అవసరానికి జిరాక్స్ తీయించుకుని, వంకరగా పడిన కాపీని అక్కడే వదిలేసి వెళ్ళాడు. కుల్సుం ఇంటర్ చదివింది. రాని మాటలు ఫోను కెమెరా పెట్టి తెలుగులో చూసుకుంది. రెండు బేరాలు పోయినా పట్టించుకోలేదు.

కాగితం చెప్పింది ఇది. దాపులో ఉన్న యంత్రాన్ని లోబరచుకోవాలంటే ముందు అది అక్కడ ఉందని కనిపెట్టాలి. దానికి విడిగా పాచికలు వెయ్యాలి. కనిపెట్టకుండా చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. ఆ వరస పక్కన పెన్సిలు రాత కూడా జిరాక్సులో పడింది. గుండ్రటి తెలుగు అక్షరాలు, ఆరేళ్ళుగా చూస్తున్న చేతిరాత. "చెప్పొద్దు."

కిందికి పోతే అలాంటివి ఇంకో రెండు ఉన్నాయి. ఒక పెద్ద యంత్రం కింద చిన్న యంత్రాలు బంటుల్లా ఉంటే, పెద్దది లొంగిన క్షణం బంటులన్నీ లొంగుతాయి. పక్కన "చెప్పొద్దు." చర్మానికి తాకించి, లేదా తీగతో, ఒక యంత్రం నుంచి ఇంకోదానికి మాట పంపితే దానికి సిగ్నలు ఉండదు, దారిలో ఎవరూ వినలేరు. అక్కడా అదే మాట.

కుల్సుం కాగితాన్ని మడిచి గల్లాపెట్టె అడుగున పెట్టింది. వేరే కాగితంలో జాకెట్ ముక్క చుట్టి ఇచ్చింది.

సాయంత్రం తమ్ముడికి చూపిస్తే వాడి ముఖం ఎర్రబడింది. "ఆదివారం దాకా ఎందుకు, ఆపా? ఇప్పుడే పోయి ముఖాన కొడదాం. మనమేమన్నా చదువురానోళ్ళమా?"

"కొడితే ఏమయిద్ది?"

"ఒప్పుకుంటాడు."

"ఒప్పుకుని, పొరపాటైందమ్మా, మున్నీని బతికించుకో అంటాడు. బిస్కెట్లు పెడతాడు. నాకు ఆ మాట వద్దురా. ఆయన చేత్తో ఆయనే భూపతి కాగితం చించాల. మనందరం చూస్తా ఉండంగా."

వాళ్ళ నాన్న మహబూబ్ సంతల్లో గొడ్ల బేరగాడు. మగపిల్లాడు ఇంకా పుట్టని రోజుల్లో కుల్సుంని భుజాన వేసుకుని మాచర్ల దాకా తిప్పాడు. సరుకు ముందే చూపించినవాడు బేరం ముందే ఓడాడని ఆయన మాట. ఆయన పనంతా తువ్వాలు కిందే. అమ్మేవాడూ ఆయనా ఒక తువ్వాలు కింద చేతులు పెట్టుకుని, వేళ్ళు నొక్కి ధర తేల్చుకునేవాళ్ళు. చుట్టూ వందమంది నిలబడి చూస్తున్నా నోట మాట వచ్చేది కాదు. ఆ వేళ్ళ భాష ఇద్దరు పిల్లలకీ నేర్పి పోయాడు.

ఆ భాష ఇప్పుడు పనికొచ్చింది. కారణం ఆనంద్ బాబు సొంతంగా పెట్టిన మరో కట్టుబాటు. బల్ల దగ్గర ఆడేవాళ్ళు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకున్నా గాల్లోకి పంపినట్టే లెక్క, భూపతి మనుషులు విన్నట్టే లెక్క. దాంతో వాళ్ళు ఏ ఎత్తు వేసుకున్నా భూపతికి ముందే తెలిసిపోయేది.

మున్నీ పోయినప్పటి నుంచి ఊరికే కూర్చుని చూస్తున్న కుల్సుం, మరుసటి ఆదివారం కొత్త మనిషిని రాసుకొచ్చింది. ఆనంద్ బాబు కాగితం చదివి కళ్ళద్దాలు పైకి తోశాడు.

"దర్జీ బూబమ్మ. యంత్రాలు, లేవు. ఆయుధాలు, లేవు. కొలతల టేపు ఒకటి, కత్తెర ఒకటి. ఏంది కుల్సుం, సన్యాసం పుచ్చుకున్నావా?"

"చేతులూ కాళ్ళూ మనవి కాకపోతే ఏమయిద్దో చూశా గదా సార్. ఇట్టా బాగుంది. బూబమ్మకి భూపతి గారి ఇంట్లో బట్టలు కుట్టే పని కావాల."

భూపతికి బట్టల పిచ్చి. ఆ పిచ్చిని ఆడి చూపించడం ఆనంద్ బాబుకి ఇంకా పిచ్చి. ఒప్పుకున్నాడు. ఇలియాస్ మనిషి పేరు కాశిం. ఒంట్లో ఉన్న యంత్రాలతో పరాయి యంత్రాల్ని లోబరచుకోవడమే వాడి విద్య. ఆ కాశిం తన సిగ్నలంతా కట్టేసి, బూబమ్మకి టేపు కొస పట్టుకునే తమ్ముడిగా చేరాడు. సిగ్నలు కట్టేసిన కాశిం పళ్ళు పీకిన పాములాంటివాడని ఆనంద్ బాబు ధీమా. తీగ రూలు వీళ్ళకి ఆయన ఏనాడూ చెప్పలేదు మరి.

నాలుగు ఆదివారాలు బూబమ్మ కొలతలు తీసింది. ఒక వారం భుజాలు. ఒక వారం మెడ. భూపతి మధ్యలో మనసు మార్చుకుని షేర్వానీ కాదు, సూటు అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి. నిర్మల ఆవలించింది. "వదినా, ఆదివారం కూడా దుకాణమేనా నీకు?" అంది.

"వచ్చిన విద్య అదేగా," అంది కుల్సుం.

కొలతలు తీస్తూనే ఆమె అడగాల్సినవి అడిగింది. దర్జీ అడిగినట్టే అడిగింది. నడుము దగ్గర గుడ్డ ఎందుకు ఎత్తుగా ఉంది దొరా? ఏదన్నా పెట్టుకుంటారా అక్కడ? జేబు కుట్టమంటారా? ఆనంద్ బాబు భూపతి గొంతుతో దర్పంగా, "అది నీకెందుకే, కొంచెం వదులుగా కుట్టు," అన్నాడు. కుల్సుంకి కావలసింది అదే. ఇన్నేళ్ళుగా భూపతి గురించి విన్నవాటికి ఇది జోడిస్తే లెక్క కుదిరింది. కాపలా తుపాకులూ, తలుపులూ, భూపతి యంత్రపు చెయ్యీ బంటులు. వాటన్నిటికీ పెద్ద యంత్రం నడుముకున్న పెట్టె. దాపులో ఉంది. సిగ్నలు మూరెడు కూడా పోకుండా బిగించి పెట్టాడు. దూరం నుంచి దాన్ని ఎవరూ తాకలేరు. కొలతలు తీసే మనిషి తప్ప.

ఐదో ఆదివారం కుల్సుం సంచిలోంచి నాన్న తువ్వాలు తీసి ఒళ్ళో వేసుకుంది. ఇలియాస్ కుర్చీ దగ్గరికి జరుపుకుని తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు.

"ఇవాళ నడుము కొలత దొరా," అంది కుల్సుం. "తమ్ముడు టేపు ఆ కొస పట్టుకుంటాడు. నేను ఈ కొస."

"త్వరగా కానివ్వు. గవర్నరుతో భోజనం ఉంది నాకు," అన్నాడు భూపతి గొంతుతో ఆనంద్ బాబు.

కుల్సుం తమ్ముడి చూపుడువేలు పట్టుకుంది. ఆగు. ఇలియాస్ ఆమె రెండు వేళ్ళు నొక్కాడు. సిద్ధం.

ఆనంద్ బాబు చూపు తువ్వాలు మీద పడింది. "ఏందది? తువ్వాలు కింద ఏం చేస్తన్నారు మీరిద్దరూ?"

"మా నాన్న బేరం చేస్తన్నాం."

"ఆటలో ఏం చేసినా పైకి చెప్పాలి."

"మీకు చెప్పాల్సింది చెబుతా సార్. కాశింతో చెప్పుకునేది మాత్రం చెప్పను. పైకి మాట్లాడితే గాల్లోకి పోయినట్టేనని మీరే అన్నారు. టేపులో ఉక్కు తీగ ఉంది. దాని ఒక కొస తమ్ముడి చేతిలో, ఒక కొస నా చేతిలో. తీగలో పోయేదానికి సిగ్నలు ఉండదు. భూపతి వినలేడు."

"ఎవరు చెప్పారు నీకు?"

కుల్సుం సంచిలోంచి మడత కాగితం తీసింది. ఆనంద్ బాబు చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యి దాటించి నిర్మలకి ఇచ్చింది. "నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. నువ్వు చదువు నిర్మలా. పక్కన రాసిన తెలుగు గూడా వదలకుండా చదువు."

నిర్మల క్లాసులో చదివినట్టు స్పష్టంగా, ఒక్కో వరసా ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పింది. మొదటి "చెప్పొద్దు" దగ్గర గొంతు తగ్గింది. రెండో దానికి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మూడోది చదివి కాగితం బల్ల మీద పెట్టి, "ఇది మీ రాతే కదా సార్," అంది.

ఆనంద్ బాబు కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు. "కథ రక్తి కట్టాలని..." అన్నాడు.

"కథ నడవనీయండి సార్," అంది కుల్సుం. "మీరు వేయని పాచికలు నేను వేస్తా. దాపులో ఉన్నదాన్ని ముందు కనిపెట్టాల గదా."

ఐదు పాచికలు. రెండు ఫలించాలి. ఒకటి, మూడు, ఐదు, రెండు. చివరిది బిస్కెట్ల పళ్ళేనికి తగిలి తిరిగి తిరిగి ఆరు దగ్గర ఆగింది.

"పెట్టె దొరికింది," అంది నిర్మల.

తువ్వాలు కింద కుల్సుం తమ్ముడి నాలుగు వేళ్ళూ కలిపి పిడికిట బిగించింది. సంతలో దానికి అర్థం ఒకటే. బేరం తెగింది.

"బూబమ్మ టేపు కొస పెట్టెకి తాకిస్తంది. కాశిం పెట్టెని లోబరచుకుంటన్నాడు. టేపు మీదుగా," అన్నాడు ఇలియాస్. వాడు తన పాచికలు తీసి అక్క ముందు పెట్టాడు. "నువ్వెయ్యి ఆపా."

ఏడు పాచికలు. మూడు ఫలించాలి. నాలుగు ఫలించాయి.

ఆనంద్ బాబు గబగబా పుస్తకం తెరిచాడు. ఇనుప చెయ్యి బొమ్మ ఉన్న పేజీ దాటాడు. తరవాతి పేజీ మీద వేలు పెట్టాడు. వేలు ఒక చోట ఆగింది. పెదవులు కదిలాయి.

"ఏమన్నా ఉందా సార్ అక్కడ?" అంది నిర్మల. "ఉంటే ఇటు చూపించండి. నేనే చదువుతా."

ఆయన ఆమె వైపు చూశాడు, పేజీ వైపు చూశాడు. పుస్తకం మూశాడు. "ఏం లేదు."

"అయితే భూపతి చెయ్యి ఇప్పుడు నాది," అంది కుల్సుం. "ఆ చెయ్యి పైకి లేస్తంది. భూపతి గొంతు పట్టుకుంటంది. తలుపులు మూసుకుపోయినయ్. తుపాకులు పలకవు. బూబమ్మ టేపు చుట్టుకుంటా నిలబడి చూస్తంది. ఆమెకి తొందరేం లేదు."

భూపతి చచ్చిపోయాడు. గోడ గడియారం నాలుగైనట్టు కొట్టింది. ఆనవాయితీ ఏమిటో అందరికీ తెలుసు, ఎవరూ గుర్తు చెయ్యలేదు. ఆనంద్ బాబు ఫైలు అట్టలోంచి భూపతి కాగితం తీశాడు. ఆరేళ్ళలో అది మూడు కాగితాల మందం అయింది. ఒక్కసారికి చిరగలేదు. రెండోసారి బలం పెట్టాడు.

"కోడి గెలిచింది సార్," అన్నాడు ఇలియాస్ పళ్ళెం దగ్గరికి జరుపుతూ.

ముక్కలు పళ్ళెంలో పడ్డాక ఆనంద్ బాబు నెమ్మదిగా, "నిన్ను అన్న మాట తప్పే కుల్సుం. మున్నీని మళ్ళీ రాసుకో. నేను ఒప్పుకుంటా," అన్నాడు.

"చచ్చినోళ్ళు చచ్చినట్టే సార్. రూలు గదా."

నిర్మల లేచి టీ గిన్నె తెచ్చింది. పోస్తూనే చెప్పింది, ఇక నుంచి పుస్తకం ఒకరి ఒళ్ళో ఉండటానికి వీల్లేదని. వారానికొకరి ఇంట్లో ఉండాలి, ఈ వారం వదిన ఇంట్లో. ఆనంద్ బాబు పుస్తకం మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "అట్ట ఊడిపోయి ఉంది. బైండింగు చేయించి రేపు ఇస్తా," అన్నాడు.

"అట్టా బంకా మా కొట్లో ఉన్నయ్ సార్. మీకెందుకు శ్రమ," అంది కుల్సుం, పుస్తకం లాక్కుని తువ్వాల్లో చుట్టుకుంటూ.

సోమవారం మధ్యాహ్నం, బేరాలు లేని వేళ, కుల్సుం పుస్తకం తెరిచి ఫోను పక్కన పెట్టుకుంది. పెన్సిలు రాతలు ఒకటీ రెండూ కాదు. తలుపుల దగ్గర, తుపాకుల దగ్గర, వైద్యం దగ్గర, అన్నిచోట్లా అదే మాట. ఇనుప చెయ్యి బొమ్మ దాటి, నిన్న ఆయన వేలు ఆగిన పేజీకి వచ్చింది.

అక్కడ ఉన్నది చిన్న రూలు. ఎవరి ఒంట్లో యంత్రాన్నైనా, ఎవరి ఒంటిమీది పెట్టెనైనా పరాయివాడు లోబరచుకున్నప్పుడు, సొంతదారుకి అది ఒంట్లోనే తెలుస్తుంది. అడ్డుకోవడానికి ఒకసారి పాచికలు వేసే హక్కు ఉంటుంది. ఆ హక్కు ఇవ్వకుండా చంపితే ఆ చావు చెల్లదు. పక్కన రెండు గీతలు గీసి మరీ రాసుకున్నాడు. "చెప్పొద్దు."

కుల్సుం ఫోను బోర్లా పెట్టింది. మున్నీకి ఆ హక్కు ఉంది. ఆయన ఇవ్వలేదు. నిన్న భూపతికీ ఉంది. ఆయన అడగలేకపోయాడు. అడగాలంటే ఈ పేజీ నిర్మల చేతికి ఇవ్వాలి. నిర్మల తెలుగు కూడా వదలకుండా చదువుతుంది. మున్నీ కోసం తవ్విన గోతి భూపతికి సరిపోయింది.

ఇప్పుడు ఈ రూలు బయటపెడితే రెండు చావులూ చెల్లవు. మున్నీ లేచి వస్తుంది, ఇనుప చెయ్యితో, ఎవరికీ నవ్వని ముఖంతో. వెనకే భూపతీ లేస్తాడు.

ఆమె ఇంకా ఆ తూకంలోనే ఉండగా గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. ఆనంద్ బాబు భార్య ప్రేమకుమారి. చేతిలో వంగపండు రంగు చీర కొంగు.

"దీనికి జాకెట్ ముక్క చూడు వదినా. చూస్తా చూస్తా ఇది విను, మా ఆయన నిన్న రాత్రి అన్నం సగంలో లేచాడు. ఆటలో ఎవరో చచ్చిపోయారంట. ఏంది ఆ మనిషి, పసిపిల్లాడా?" అంది. "ఆ, ఇంకోటి. మీ దగ్గరున్న పుస్తకం ఒక్క పూట ఇమ్మన్నాడు. ఏదో చూసుకోవాలంట."

కుల్సుం మూడు వంగపండు ముక్కలు తీసి కొంగు పక్కన పెట్టింది. రెండోది కలిసింది. కాగితంలో చుట్టి దారం కట్టింది.

"అట్టకి బంక రాశా. ఇంకా ఆరలేదని చెప్పు," అంది నవ్వుతూ.

ప్రేమకుమారి వెళ్ళాక గల్లాపెట్టెలోంచి రబ్బరు తీసింది. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి ఒక్కో "చెప్పొద్దు" తుడిచింది. ఓపిగ్గా, కాగితం చిరగకుండా, పొట్టు ఊదుకుంటూ. ఇలియాస్‌కీ నిర్మలకీ వాళ్ళ రూలు ఏదీ తక్కువ కాకూడదు.

ఆ ఒక్క పేజీ దగ్గర ఆగింది. రబ్బరు పక్కన పెట్టి, అక్కడి "చెప్పొద్దు"ని అలాగే ఉంచి, పేజీ తిప్పేసింది.